చిమ్మట చెప్పిన నిమ్మాకు

ఏ ఊరి బండో ఏమో గానీ, నిమ్మచెట్టు పక్కనున్న ఒక బండ మీద బూడిదరంగు చిమ్మట కాపురముండేది. దాని పిల్లలు గొంగళిపురుగులు, బండకు పట్టిన పాచి తిని బతికేవి.

ఒకనాడు సీతాకోకచిలుక వచ్చి, "మా పిల్లలు లేత నిమ్మాకు తప్ప ముట్టరు వదినా. మీవాళ్లకేం పెడతావు?" అంది.

పాచి అనడానికి చిమ్మటకు నోరు రాలేదు. "మావాళ్లకీ నిమ్మాకే," అనేసింది.

"అయితే రేపు మా ఇంటికే భోజనానికి పంపు!"

మర్నాడు పిల్లలు బండ మీదికి వాలిన కొమ్మ పట్టుకుని పాకుతూ వెళ్లాయి. "ఏం పెట్టినా తినండమ్మా, నా పరువు తీయకండి," అని తల్లి వెంటే ఎగిరింది. పొద్దువాలినా ఒక్కటీ ఆకు మింగలేకపోయింది. చిన్నది కళ్లు తేలేసింది.

సీతాకోకచిలుక కంగారుపడింది. "నిజం చెప్పు వదినా, వీళ్లు తినేదేంటి?"

"పాచి," అంది చిమ్మట తలదించుకుని.

"అయ్యో, ఆ మాట నిన్ననే అనకపోయావా! ముందు పిల్లల్ని బండ మీదికి దించు."

పాచి నోటికందగానే చిన్నదానికి ప్రాణం లేచొచ్చింది. కడుపునిండా తిని, తల్లిని మెల్లగా అడిగింది: "అమ్మా, రేపెవరైనా అడిగితే నిమ్మాకే తింటామని చెప్పాలా?"

ఆ పిల్ల వైపు చూడటానికి చిమ్మటకు మొహం చెల్లలేదు.