ఈ గుండర్సన్ ఎవరు?

"ఈ కంపెనీ నీది కాదని ఫిర్యాదు వచ్చింది. ఏమంటావు?"

వెర్నీటా సైటు ఆఫీసులో ఫైలు బల్ల మీద పడేసి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాదే, మిస్ వెర్నీటా," అంది ట్విలా. మోచేతుల దాకా సిమెంటు ఎండిపోయి ఉంది. "కాగితాలన్నీ నా పేరు మీదే ఉన్నాయి."

"కాగితాలకేం తల్లీ, ఎవరి పేరు రాస్తే వాళ్ల పేరు చెబుతాయి."

అమెరికాలో మిల్వాకీ నగరం వాళ్లు తమ కట్టడం పనుల్లో కొంత వాటా ఆడవాళ్ల కంపెనీలకీ, నల్లవాళ్ల కంపెనీలకీ ఇస్తారు. ఆ కంపెనీలు నిజంగా వాళ్లవేనా అని ఆరా తీయడం వెర్నీటా పని. పేరు ఒకరిదీ పెత్తనం ఇంకొకరిదీ అయిన కంపెనీలని ఆవిడ లిస్టులోంచి చాలానే కొట్టేసింది. తనలాంటి నల్ల ఆడపిల్ల పేరు అడ్డం పెట్టుకుని ఎవడో తెల్లాయన బాగుపడుతుంటే ఆవిడకి ఒళ్లు మండుతుంది.

"కంకర తోలేవాణ్ణి అడిగాను, ఇనుము అమ్మేవాణ్ణి అడిగాను. మేం మాట్లాడేది గుండర్సన్ గారితో అన్నారు. ఎవరీయన?"

"మా ఆఫీసులో పనిచేస్తారండీ."

"ఏం పని?"

ట్విలా గోళ్లలో సిమెంటు గీక్కుంది.

"లిస్టులోంచి నీ పేరు పోతే ఈ స్కూలు పునాది పని కూడా పోతుంది. తెలుసుగా?"

"తెలుసండీ. తొమ్మిదిమంది ఇంటికి పోతారు."

అంతలో తలుపు తీసుకుని ఒకాయన వచ్చాడు. ఆరడుగుల మనిషి, వెండిలాంటి జుట్టు, ఇస్త్రీ చొక్కా, మచ్చలేని బూట్లు. "గుడ్ మార్నింగ్," అన్నాడు. కంచు కంఠం. వెర్నీటా కుర్చీలో సర్దుకుని కూర్చుంది. తెల్లాయన. దొంగ దొరికాడు అనుకుంది.

వెనకాలే కాంక్రీటు లారీ డ్రైవరు తల లోపలికి పెట్టాడు.

"గుండర్సన్ గారూ, లోడు తెచ్చాను. పడవ వెళ్లడానికి నది మీద బ్రిడ్జి పైకెత్తారు, ఆలస్యమైపోయింది. పోసెయ్యమంటారా?"

గుండర్సన్ లోడు కలిపిన టైము రాసిన చీటీ అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆలోచించాల్సిన విషయమే," అన్నాడు గంభీరంగా.

ఇందులో ఆలోచించడానికేముందో వెర్నీటాకి అర్థం కాలేదు. ఆవిడ ఈ ఉద్యోగానికి రాకముందు ఏడేళ్లు పార పట్టుకుని కాంక్రీటు సర్దింది.

ట్విలా ఇక ఉండబట్టలేక చీటీ లాక్కుంది. "కలిపి గంటా యాభై నిమిషాలైంది. డ్రమ్ములోనే గట్టిపడి ఉంటుంది. వెనక్కి తీసుకుపో."

డ్రైవరు ఆమె వైపు చూడనైనా లేదు. "కాసిని నీళ్లు కలిపితే సరిపోతుంది సార్."

"నీళ్లు కలిపితే పునాది పగుళ్లిస్తుంది. పైన పిల్లలు కూర్చుంటారు," అంది ట్విలా.

"ఏమంటారు సార్?" అన్నాడు డ్రైవరు మళ్లీ.

గుండర్సన్ ఓరగా ట్విలాని చూశాడు. ఆమె గడ్డం కాస్త కదిలింది.

"వెనక్కి తీసుకుపో నాయనా," అంది కంచు కంఠం.

"అలాగే సార్," అని డ్రైవరు మారుమాట లేకుండా వెళ్లిపోయాడు.

వెర్నీటా కలం పక్కన పెట్టింది. ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటి వింత ఆవిడ చూడలేదు.

"గుండర్సన్ గారూ, కాంక్రీటు కలిపాక ఎంతసేపట్లో పోసెయ్యాలండీ?"

ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. "మేడమ్, అందరికీ కాఫీ తెస్తాను," అని ట్విలాతో చెప్పి బయటపడ్డాడు.

"ఇప్పుడు చెప్పు," అంది వెర్నీటా. "ఎవరీ మనిషి?"

ట్విలా నిట్టూర్చింది. "నిరుడు మా పిన్ని పోయినప్పుడు చూశానండీ. అంత్యక్రియలు జరిపించే కంపెనీలో, శవాన్ని ఉంచిన చోట గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ల చేతులు పట్టుకుని పరామర్శించడం ఆయన ఉద్యోగం. ఆ గొంతు వినేసరికి నా ఏడుపు ఆగిపోయింది. అప్పుడే తట్టింది. జీతానికి పెట్టుకున్నాను."

"దేనికి?"

"ఫోన్లు చెయ్యడానికి. రెండేళ్లు నేనే చేశానండీ. మీ ఓనర్ని పిలువు అనేవాళ్లు. ఓనర్ని నేనే అంటే నవ్వి పెట్టేసేవాళ్లు. ఆయన గుడ్ మార్నింగ్ అంటే చాలు, తెల్లారేసరికి కంకర వచ్చి పడుతుంది. ఏం చెప్పాలో నేనే రాసిస్తాను. రాయనిది ఎవరైనా అడిగితే, ఆలోచించాల్సిన విషయమే అనమన్నాను."

"పని నీది, పేరు నీది, గొంతు మాత్రం ఆయనదన్నమాట."

"అవునండీ. ఆయన వెనకాల బాగా దాక్కున్నాను. ఇప్పుడు బయటికొచ్చి ఇది నాదంటే ఎవరూ నమ్మడం లేదు."

వెర్నీటా కలం మళ్లీ అందుకుంది. "చూసింది చూసినట్టు రాయాలి. తప్పదు," అంది.

"రాయండి. పని పోయిందని మా వాళ్లకి నేనే చెప్పుకుంటాను."

వెర్నీటా నాలుగు వాక్యాలు రాసి కాగితం ఆమె వైపు తిప్పింది. 'పని తెలిసిందీ, చేయించేదీ ట్విలా మేఫీల్డే. కంపెనీ ఆమెదే. గుండర్సన్ జీతగాడు. ఫిర్యాదు కొట్టివేయడమైనది.'

ట్విలా రెండుసార్లు చదివింది. చేతుల నిండా సిమెంటు కావడంతో భుజంతో కళ్లు తుడుచుకుంది.

వెర్నీటా ఫైలు చంకలో పెట్టుకుని లేచింది. బయట గుండర్సన్ మూడు కాఫీలు పట్టుకుని వస్తుంటే, అడక్కుండానే ఇద్దరు పనివాళ్లు పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఆవిడ అది చూస్తూ గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

"గురువారం పొద్దున ఆయన్ని ఒక్క గంట పంపగలవా? నాకూ మా పైవాళ్లతో ఒక మీటింగ్ ఉంది."