వంకలు పెట్టిన పెద్దాయన

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఉన్న సెల్‌ఫోన్ల షాపులో ఉజ్మా సంచిలోంచి చెక్క గరిటె తీసి బల్ల మీద పెట్టింది.

"దీన్ని ఫోటో తీసి చూస్తాను. ఏది బాగా తీస్తే అదే కొంటాను" అంది.

షాపు యజమాని పెంచలప్రసాద్‌కు నవ్వొచ్చింది. ఇంటర్ చదివే పిల్ల కెమెరా కోసం ఉదయగిరి నుంచి బస్సెక్కి రావడమే వింత, పైగా గరిటెతో పరీక్ష.

ఫోన్ కొనుక్కోవచ్చు కదా అని ఇప్పటికే చాలామంది అడిగారు. ఇంటర్ అయ్యేదాకా ఫోన్ మాటెత్తొద్దని నాన్న సాదిక్ ఖరాఖండిగా చెప్పేశాడు. ఆయన లారీ డ్రైవరు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆయనతోనే ఊళ్లు తిరుగుతుంది. సరే, కెమెరాలో ఎవరూ మాట్లాడరు కదా అని ఉజ్మా మూడు రోజులు మొండికేసి ఒప్పించింది.

ఆమె తొందర ఆమెది. నాయనమ్మ బీబీజాన్ గరిటెల కాడల మీద చెక్కే పువ్వులూ తీగలూ ఏ కాగితం మీదా లేవు. ఆమె చేతిలోనే ఉన్నాయి. ఆ చెయ్యి ఇప్పుడు వణుకుతోంది. చెక్కినవి చెక్కినట్టు ప్రతి శుక్రవారం వ్యాపారి వచ్చి పట్టుకుపోతున్నాడు. ఫోటోలు తీసుకోకపోతే ఆ పనితనమంతా నాయనమ్మతోనే పోతుంది.

పెంచలప్రసాద్ గులాబీ రంగు కెమెరా ఒకటి తీశాడు. టీనేజ్ పిల్లలంతా ఇదే కొంటున్నారనీ, నలభై ఎనిమిది మెగాపిక్సెళ్లనీ ఊదరగొట్టాడు. ఉజ్మా జానెడు దూరం నుంచి గరిటెను ఫోటో తీసింది. పువ్వు అలుక్కుపోయింది.

"ఇన్ని మెగాపిక్సెళ్లుండి ఒక్క పువ్వు కనపడదేంది?" అని పక్కన పెట్టేసింది.

అద్దాల బీరువా మూలలో గీతలు పడిన పాత చిన్న కెమెరా ఉంది. పన్నెండు మెగాపిక్సెళ్లే. దానితో తీస్తే ఉలి గాట్లు కూడా ఒక్కొక్కటిగా కనిపించాయి. ధర కూడా తను తెచ్చిన డబ్బుకు సరిపోయింది.

అప్పటిదాకా షాపు బెంచీ మీద కూర్చుని చూస్తున్న ముసలాయన అప్పుడు నోరు విప్పాడు.

"కొనే ముందు ఒక మాట విను పాపా. దాని బ్యాటరీ అరగంట కూడా నిలవదు. ఫ్లాష్ వెలగదు."

ఉజ్మాకు వెంటనే అనుమానమొచ్చింది. గరిటెల బేరాలు చూస్తూ పెరిగిన పిల్ల. తనకు కావలసిన గరిటెకే వ్యాపారి వంకలు పెడతాడు. అక్కర్లేనిదాన్ని ముట్టనైనా ముట్టడు. ఈయన కన్ను ఆ కెమెరా మీద పడింది, తనను బెదరగొట్టి పంపేయాలని చూస్తున్నాడు అనుకుంది.

"ఇంకేమన్నా ఉండాయా తాతా?"

"ఉండాది. ఒక్కోసారి లెన్స్ లోపలికి పోదు. మెల్లగా తట్టాల."

"నీకు కావాలంటే నాకంటే ఎక్కువిచ్చి కొనుక్కో. ఈ ఎత్తులు పుట్టినప్పట్నుంచి చూస్తాండాను."

పెంచలప్రసాద్ ఏదో అనబోతే ముసలాయన చెయ్యెత్తి ఆపాడు. ఎండలో తీస్తే ఫ్లాష్‌తో పనుండదని మాత్రం చెప్పి, లుంగీ సర్దుకుని వెళ్లిపోయాడు.

ఓడిపోయి వెళ్తున్నాడనుకుంది ఉజ్మా. బస్సులో దారంతా ఆ గెలుపు తలుచుకుని మురిసిపోయింది.

నెల తిరిగేసరికి నాయనమ్మ పనితనమంతా కెమెరాలోకి ఎక్కింది. ఫోటోలెందుకని వ్యాపారి కసిరితే, "చెక్కింది మా దాదీ, నువ్వు కాదు" అని అతని ముందే ఇంకో నాలుగు తీసింది.

బ్యాటరీ అరగంటకే చచ్చిపోయేది. ఫ్లాష్ వెలగలేదు. లెన్స్ రెండుసార్లు ఇరుక్కుంటే మెల్లగా తట్టింది. ముసలాయన చెప్పినవాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. అయినా ఉజ్మా మెత్తబడలేదు. నిజాలు చెప్పి బెదరగొట్టాడు, అంతే అనుకుంది.

కొత్త బ్యాటరీ కోసం మళ్లీ ఆత్మకూరు వచ్చింది.

"నన్ను బెదరగొట్టాలని చూసినాడే, ఆ తాత ఏడీ? కెమెరా దక్కలేదని ఇంకా ఏడస్తాండాడా?"

పెంచలప్రసాద్ నవ్వలేదు.

"షావలి తాతా? చెన్నైకి పోయినాడమ్మా, వాచ్‌మన్ పనికి. ఇంక ఈ పక్కకు రాడు."

"పోనీలే. ఆయన కొనేలోపల నేనే కొన్నాను."

"ఆయన కొనేదేంది? నోరు మూసుకోని కూర్చో తాతా, లేకపోతే అమ్ముడుపోదని ఆయనకు ముందే చెప్పినాను, వింటేగా. ఏఎస్ పేట దర్గా కాడ పన్నెండేళ్లు ఫోటోలు తీసి ఆ కెమెరాతోనే ఇల్లు గడుపుకున్నాడు, చెన్నైకి దారి ఖర్చులకు దాన్ని అమ్మిపెట్టమని తెచ్చిందే ఆయన."