మునగనివాళ్ల లెక్క

“మూడేళ్లలో ఈ బోటు ఒక్కరినైనా కాపాడిందా?”

సత్యశ్రీ ప్రశ్నకు, బోటు నడిపే సరంగు దాలయ్య దూరంగా ఉన్న రాళ్ల వైపు చేయి చూపాడు. కేంద్ర బడ్జెట్‌లో లోటు పూడ్చడానికి అక్కరలేని ఖర్చులను ఏరివేసే పని మీద ఢిల్లీ నుంచి వచ్చిన అధికారిణి ఆమె. భీమునిపట్నం తీరంలోని ఈ రక్షణ బోటు ఉండాలో పోవాలో ఇవాళ తేల్చేయాలి. బోటు పోతే దాలయ్య కొలువూ పోతుంది.

“రోజంతా ఈల ఊదతన్నాం మేడమ్. ఆ రాళ్లకాడికి ఎవుల్నీ ఎల్లనివ్వం. ఇంకెలా మునుగుతారు? దోమ కుట్టనేదని దోమతెర సింపేత్తామేటి?”

“దోమలున్నాయని రుజువేది? జరగని ప్రమాదాన్ని ఏ పద్దు కింద రాయమంటారు?”

దాలయ్య దీనికి మందు ముందే సిద్ధం చేసుకున్నాడు. బావమరిది కోటి గజఈతగాడు. రాళ్ల దగ్గర మునుగుతున్నట్టు నటిస్తాడు. ఈవిడ కళ్లెదుటే బోటు వెళ్లి ఒడ్డుకు చేరుస్తుంది.

దూరాన ఒక మనిషి రాళ్ల పక్కన నీళ్లలోకి దిగాడు. మరో రోజైతే ఈల మోగి ఉండేది. ఇవాళ దాలయ్య దాన్ని జేబులోంచి తీయలేదు.

కాసేపటికి అల మీద ఒక చేయి లేచింది. సన్నని కేక వినిపించింది.

“మేడమ్! మనిసి మునిగిపోతన్నాడు!” అని అరిచి, ముందు ఆమె ముఖం చూశాడు దాలయ్య. ఆ తర్వాతే బోటు వైపు కదిలాడు.

“ఆగండి. మునిగేవాణ్ణి వదిలేసి నన్ను చూస్తారేమిటి?”

దాలయ్య అడుగు ఇసుకలోనే ఆగిపోయింది. తల వంచుకున్నాడు.

“మా బామ్మర్ది మేడమ్. మునిగినోడు నేకపోతే మాకు పని నేదంటన్నారు. అందుకే ఒకణ్ణి ముంచాల్సొచ్చినాది.”

సత్యశ్రీ చేతులు కట్టుకుని రాళ్ల వైపే చూస్తూ నిలబడింది. చేయి మరోసారి లేచి, నురగలోకి జారిపోయింది.

“బాగానే నటిస్తున్నాడు,” అంది చివరికి.

“సేపపిల్లండి ఆడు. అడుగునే ఈదుకుంటా ఎల్లి రాళ్లెనక తేలతాడు.”

ఆమె మొదటిసారి నవ్వింది. “ఎవరూ మునగకపోవడమే మీ పనికి సాక్ష్యం. ఒప్పుకుంటున్నాను. బోటు ఉంటుంది.”

దాలయ్య రెండు చేతులూ జోడించాడు. సముద్రం నున్నగా ఉంది. జేబులో ఫోను మోగింది.

“బావా, తిట్టకు, బస్సు సెడిపోయి నానింకా ఆనందపురంలోనే ఉండిపోనాను,” అన్నాడు కోటి.