బేరం మాట

మొదట్లో షావుకారు చేతిలో ఉన్నవి రెండే. లారీల స్టాండు ఎదురుగా ఒక టైర్ల షాపు, తొమ్మిదేళ్లప్పటి నుంచి తనే పెంచిన తమ్ముడు.

షాపు పెరిగింది. తమ్ముడూ పెరిగి లారీ ఎక్కాడు. దారిలో ఎవరిని తిట్టాడో, ఎవరిచేత తిట్లు తిన్నాడో అన్నకు చెప్పనిదే కంచం ముందు కూర్చునేవాడు కాదు.

అలాంటివాడు ఆ గురువారం లారీ దిగి, షాపు ముందు నుంచే నడిచి, తిన్నగా డ్రైవర్ల విశ్రాంతి గదిలోకి వెళ్లాడు.

గంటసేపు బయటికి రాలేదు.

లోపల ఉన్నది సంచాయన.

ఆయన అసలు పేరు ఎవరికీ పట్టలేదు. భుజాన నల్లసంచితో వారానికోసారి పక్క ఊరి నుంచి బస్సులో వచ్చేవాడు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ల ఆసుపత్రులు కలిసి హెచ్‌ఐవీ మీద మొదలుపెట్టిన పనికి ఆయన్ని పంపేవారు. పరీక్ష ఎక్కడ చేయించుకున్నా, మందులు నాలుగింట్లో ఎక్కడైనా తీసుకోవచ్చు. ఇంకో కట్టుబాటు కూడా పెట్టుకున్నాయి. ఎవరూ సొంత ఊళ్లో పనిచేయకూడదు. తెలిసినవాడి ముందు మూసుకునే నోరు తెలియనివాడి ముందు తెరుచుకుంటుందని.

తెరుచుకుంది. షావుకారుకు కంటగింపైంది అదే.

"నా దగ్గర 'టైర్లో గాలి చూడన్నా' తప్ప మాట లేదు. వాడి దగ్గర గంటసేపు ఏం పురాణం?" అన్నాడు భార్యతో.

"డ్రైవర్లందరికీ వేలు పొడిచి రక్తం చూస్తున్నారటగా. అందుకే వెళ్లుంటాడు."

"ఒక్క వేలు పొడవడానికి గంటా?"

"ఇంతకీ మీ బాధ తమ్ముడు మీతో మాట్లాడలేదనా, ఆయనతో మాట్లాడాడనా?"

షావుకారు కంచం జరిపి లేచిపోయాడు.

ఇంకో గురువారం తమ్ముడూ సంచాయనా మెట్ల మీద కూర్చుని నవ్వుకుంటుంటే, షావుకారు అటు చూస్తూ టైరు ఊడదీసే రాడ్డు తన వేలి మీదే వేసుకున్నాడు.

సంచాయన అంతటితో ఊరుకునే రకం కాదు. బస్సు ఎక్కేముందు షాపుకొచ్చి మంచినీళ్లడిగేవాడు. నీళ్లు ఒక గుక్క, మాటలు పది.

"షావుకారు గారూ, మాటవరసకు అడుగుతున్నా. మీ ఇంట్లోనే ఎవరికో ఈ జబ్బుందని తెలిసిందనుకోండి. ఏం చేస్తారు?"

ఎదుటివాడి మొదటి మాటకే తలూపితే కొట్టు మూసుకోవాల్సిందేనన్నది షావుకారు చదివిన ఏకైక చదువు. పైగా అడుగుతున్నది తమ్ముణ్ణి లాక్కున్న ఆ మనిషి.

"గడప తొక్కనివ్వను."

"రోజూ మాత్ర వేసుకుంటే మనలాగే బతుకుతారండీ. ఒకే కంచంలో తిన్నా అంటదు."

"మా కంచాల సంగతి నీకెందుకయ్యా? తోడబుట్టినవాడైనా అంతే!"

"ఇదే చివరి మాటా?"

"మా షాపులో ఒకటే మాట."

సంచాయన నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. నిజానికి షావుకారు మనసులో అలాంటి ఉద్దేశమేమీ లేదు. ఓడి వెళ్తున్న ఆ వీపు చూస్తే మాత్రం కడుపు చల్లబడింది.

పై వారం మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే అడిగాడు, ఇంకో దారిలో.

ఏడాది గడిచినా ఆయన అడగడం మానలేదు. తమ్ముడు ఆయన దగ్గరకు పోవడమూ మానలేదు.

చివరికి షావుకారు కలం తీశాడు. 'ఈ రోగాల మనిషి వల్ల మా స్టాండుకు చెడ్డపేరు, వెంటనే మార్చండి' అని నాలుగు ఊళ్ల ఆసుపత్రుల కమిటీకి అర్జీ రాశాడు. మొదటి సంతకం తనదే. తర్వాత స్టాండంతా తిప్పి లారీ ఓనర్ల చేత, డ్రైవర్ల చేత పెట్టించాడు.

నల్లసంచి మళ్లీ కనిపించలేదు. బదులుగా వచ్చినవాళ్లు విశ్రాంతి గదిలో ఈగలు తోలుకుని వెళ్లేవారు.

ఇక తమ్ముడు తన దగ్గరకే వస్తాడని షావుకారు ఎదురుచూశాడు. వాడు ఇంటికి రావడమే తగ్గించాడు. వచ్చినా గోడవైపు తిరిగి పడుకునేవాడు.

నాలుగు నెలలకు పక్క ఊరి ఆసుపత్రి నుంచి ఫోను. తమ్ముడు లారీ పక్కకు ఆపి, దిగుతూనే కూలబడిపోయాడట.

మంచం మీద సగమైపోయిన తమ్ముడు ఆయాసపడుతూ తనే చెప్పాడు. జబ్బు బయటపడి ఏడాదిన్నర అయిందట. మాత్రలతో బాగానే ఉన్నాడట. ఈ నాలుగు నెలలే మానేశాడట.

"మందులు మళ్లీ మొదలుపెట్టాం, కోలుకుంటాడు," అంది నర్సు. "వీళ్లను కనిపెట్టుకుని ఒకాయన ఉండేవారు. ఎవరో అర్జీ పెట్టారని నొచ్చుకుని ఈ పనే వదిలేశారు. ఇప్పుడెక్కడున్నారో మాకూ తెలీదు."

షావుకారు మంచం మీద కూర్చుని, తమ్ముడి తల ఒళ్లోకి తీసుకున్నాడు.

తమ్ముడు బిత్తరపోయాడు. "ముట్టుకుంటున్నావేంటన్నా?"

"నోర్ముయ్. నీ ముక్కు తుడిచి పెంచినవాణ్ణి. అంత మాట కడుపులో పెట్టుకుని తిరుగుతావా? ఒక్కసారి నన్నడిగితే నీ సొమ్మేం పోయిందిరా?"

"అడిగించాను కదన్నా, ఏడాదిపాటు! గడప తొక్కనివ్వనన్నావట. అయినా ఆయన, 'మీ అన్నది మనసులో మాట కాదయ్యా, బేరం మాట. ఇంకో వారం చూద్దాం' అనేవాడు. అర్జీలో మొదటి సంతకం నీదే కనిపించాక ఇక మాత్రలెందుకులే అనిపించింది."

షావుకారుకు తమ్ముడు దక్కాడు. దక్కకుండా చేస్తున్నాడని తాను తరిమేసిన మనిషి, ఆ తమ్ముడు తన దగ్గరకు పంపిన రాయబారి.