పన్నెండో పేరు

పొద్దున్నుంచీ మబ్బు పట్టే ఉంది, కురవడం లేదు. ఆత్మకూరు దాటాక తండా మలుపులో కారు దిగి, దేవిక ఫైలు చంకన పెట్టుకుని నడిచింది.

పాటల ప్రోగ్రాంలు పెట్టి, వాటిని లైవ్‌లో చూపించే కోదాడ కంపెనీలో కాగితాల పనంతా ఆమెదే. పోలీసు పర్మిషన్, మైకు పర్మిషన్, కరెంటు వాళ్ల సర్టిఫికెట్, పనివాళ్ల ఇన్సూరెన్స్. లిస్టులో పేరు, చేతిలో ఆధార్ జిరాక్సు లేనివాణ్ని స్టేజీ దగ్గరికి రానివ్వదు. "ఈ మేడం కాయితం లేకుంటే అన్నం గూడ పెట్టదు" అని లైట్ల పనివాళ్లు నవ్వుకునేవారు.

ఆదివారం ప్రోగ్రాంలో లైట్ల ఇనుప స్తంభానికి కరెంటు పాకింది. పైనున్న మనిషి ముఖం గుర్తుపట్టేలా లేదు. లిస్టు చూశారు. పన్నెండో పేరు, హరీష్. సూర్యాపేట దవాఖానలో తండ్రి భద్రు గుడ్డ తొలగించి, కాళ్లు తడిమి చూసి, పోయింది నా కొడుకే అన్నాడు.

ఇవాళ మూడో రోజు.

భద్రు మంచం వాల్చాడు. హరీష్ భార్య వనిత గడప మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఏడుస్తున్నది చిన్నకోడలు జమున. ఒళ్లో ఎనిమిది నెలల పిల్ల. ఈ అమ్మాయి మనసు ఎంత మెత్తనో అనుకుంది దేవిక.

ఆమె మెల్లగా విషయం చెప్పింది. ఇన్సూరెన్స్ వాళ్లు లిస్టు చూస్తారు. అందులో ఉన్నవాడికే ఇస్తారు. పేరులో తేడా వస్తే ఈ ఇంటికి ఏమీ రాదు. తమ్ముడి సాక్షి సంతకం కూడా ఉంటే మంచిదంటూ, చిన్నకొడుకు సేవ్యా ఏడని అడిగింది.

"వాడు లేడు బిడ్డా."

సేవ్యా మిర్యాలగూడ రైసు మిల్లులో హమాలీ అని విన్నది. మూడో రోజే పనికి పోయాడా అనుకుంది కానీ అడగలేదు.

"డెత్ సర్టిఫికెట్ రాగానే ఆధార్ ఆగిపోతుంది. రేషన్ కార్డులో, ఓటర్ల లిస్టులో పేరు తీసేస్తారు."

"ఇగ ఆ పేరు ఏడ ఉండదా?"

"ఉండదు పెద్దాయనా."

భద్రు కాగితాలు వనిత ముందుకు జరిపాడు.

మృతుడి భార్య అని ఉన్న చోట దేవిక వేలు పెట్టి చూపించింది. వనిత పెన్ను పట్టుకుంది. మళ్లీ కింద పెట్టేసింది.

"నాతోని కాదు మామా."

జమున కళ్లు తుడుచుకుని లేచి వచ్చింది. పిల్లను వనిత ఒళ్లో కూర్చోబెట్టి, పెన్ను తీసి ఆమె చేతికిచ్చింది.

"పెట్టక్కా. దీని మొకం సూడు."

వనిత పెట్టింది.

దేవిక కాగితాలన్నీ రెండుసార్లు సరిచూసుకుని, భద్రుకు దండం పెట్టి వెళ్లిపోయింది. కారు చప్పుడు తండా దాటాక వనిత అందరికీ అన్నం పెట్టి, లోపలి గది గొళ్లెం తీసింది.

ఆదివారం జ్వరంతో పడుకున్న తన బదులు, తన జిరాక్సు పట్టుకుని ఆ స్తంభమెక్కిన తమ్ముడి పేరు ఎవరూ ఎత్తకుండానే, హరీష్ వచ్చి తండ్రి పక్కన కూర్చుని వాళ్లతో పాటు అన్నం తిన్నాడు.