రెండూ పసుపే!

“ఇదీ పసుపే, అదీ పసుపే!”

స్టూడియోగారు రెండు ప్రింట్లనూ బల్ల మీద పడేశారు. రెండింట్లోనూ ఒకే ఫోటో, తెల్లచొక్కా వేసుకుని నవ్వుతున్న పెళ్లికొడుకు. ఒకటి ఎడమవైపున్న తొమ్మిది ఇంకుల ప్రింటర్ తీసింది, ఇంకొకటి కుడివైపున్న పన్నెండు ఇంకుల ప్రింటర్ తీసింది. జుట్టు నలుపు పన్నెండు ఇంకులదాంట్లో దట్టంగా పడింది, కాదనలేం. తొమ్మిది ఇంకులదాంట్లో పెదవుల ఎరుపు ముచ్చటగా ఉంది. కానీ చొక్కా? ఏది చూసినా పసుపు నీళ్లలో ముంచి తీసినట్టే ఉంది.

“సరిగ్గా చూడండి సార్. రెండూ ఫోటోల కోసమే చేసిన మెషీన్లు,” అన్నాడు ప్రింటర్లు అమ్మే షాపతను.

“ముప్పై ఏళ్లుగా నేను చూస్తున్నది ఫోటోలేనయ్యా. నాకు నేర్పకు.”

ఊళ్లో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ స్టూడియోగారే. ఆ పిలుపు ఇంకెన్నాళ్లుంటుందో ఇప్పుడు ఆయనకే నమ్మకం లేదు. ఈ మధ్య ఇచ్చిన ఆల్బమ్ ఇచ్చినట్టే తిరిగొస్తోంది. మొహాల్లో ప్రాణం లేదంటున్నారు. ఒక పెళ్లికూతురి తల్లయితే “మా పిల్లని శవంలా చేశారు కదండీ” అని గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసింది. ఇదంతా పాత ప్రింటర్ నిర్వాకమేనని ఆయన దాన్ని మూలన పడేశారు. కొత్తది కూడా ఇలాగే ఏడిస్తే ఇక స్టూడియోకి తాళం వేసుకోవడమే.

అందుకే ఒళ్లంతా కళ్లు చేసుకుని వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ ఇక్కడ వ్యవహారం తేడాగానే ఉంది.

మొదటి అనుమానం వెంట వచ్చిన బావమరిది మీద. స్టూడియోలో ఆల్బమ్‌లు పేర్చేది వాడే. రంగులు దిద్దే పని మాత్రం ఆయన ఎవరినీ ముట్టుకోనివ్వరు. మామూలుగా వాడి నోటికి అడ్డూ అదుపూ ఉండదు. అలాంటిది, ఈ రెండింట్లో ఏది బాగుందిరా అంటే ఇవాళ “నువ్వే చెప్పు బావా” అంటున్నాడు.

రెండో అనుమానం మూల కుర్చీలో కూర్చున్న మనిషి మీద. నలగని చొక్కా, నున్నగా దువ్విన తల. ఏదైనా కొనడానికి వచ్చినవాడిలా లేడు. పైగా ప్రింట్ల కన్నా స్టూడియోగారి మొహాన్నే ఎక్కువ చూస్తున్నాడు.

“మీ స్టూడియోలో ఈ మధ్య లైట్లు పెంచారా?” ఉన్నట్టుండి అడిగాడా మనిషి.

“పెంచాం. ఇప్పటి బల్బుల్లో పస ఎక్కడ ఏడిసింది? ఏం, లైట్లు కూడా అమ్ముతారా?”

ఆ మనిషి నవ్వాడు. “సాయంత్రాలు బండి మీరే నడుపుతారా?” అన్నాడు.

“లేదు సార్. ఈ మధ్య నేనే నడుపుతున్నాను,” అన్నాడు బావమరిది గబుక్కున.

సార్! ముక్కూ మొహం తెలియనివాణ్ణి అంత వినయంగా సార్ అంటున్నాడంటే ఇద్దరికీ ముందే పరిచయం ఉందన్నమాట. స్టూడియోగారికి గుట్టు దొరికిపోయింది. వీడు కంపెనీ మనిషి. కావాలనే రెండు ప్రింటర్లలోనూ నాసిరకం ఇంకు పోయించారు. ఇవి పనికిరావనిపించి, లోపల దాచిన ఖరీదైనదేదో అంటగడతారు. బావమరిదికి కమీషను. అమ్మ దొంగల్లారా!

“నువ్వు లే, నేను చూసుకుంటాను,” అంటూ షాపతన్ని లేపి ఆయనే కంప్యూటర్ ముందు కూర్చున్నారు. రోజూ స్టూడియోలో చేసినట్టే పసుపు తగ్గించి, నీలం పెంచి, ఇంకాస్త పెంచి, తొమ్మిది ఇంకుల ప్రింటర్‌కి పంపారు. అది గుర్రుమంటూ కాగితాన్ని బయటికి తోసింది.

“చూడండి! తెలుపంటే ఇదీ! ఈ తొమ్మిది ఇంకులదే ప్యాక్ చెయ్యండి. మీ ఇంకు ఎలాంటిదైనా నేను దిద్దుకుంటాను.”

షాపతను ప్రింటు చూసి తల దించుకున్నాడు. బావమరిది గోడ గడియారం వైపు చూశాడు. కుర్చీలో మనిషి మాత్రం లేచి దగ్గరికొచ్చాడు.

“ఇందులో చొక్కా తెల్లగా ఉందంటారా?”

“పాలలా ఉంది. మీ ఎత్తు పారలేదని కడుపుమంటా?” అని కసిరి, ఆయన లేచి బావమరిది వైపు తిరిగారు. “వీళ్లు నీకెంత ఇస్తామన్నార్రా?”

“ఛ! అవేం మాటలు బావా!”

“మీ అక్క మీద ఒట్టేసి చెప్పు. ఈయన్ని ఇక్కడికి రప్పించింది నువ్వు కాదూ?”

వాడు నేలచూపులు చూస్తూ, “నేనే బావా. అక్కే పిలవమంది,” అన్నాడు.

స్టూడియోగారు అక్కడే స్టూలు మీద కూలబడ్డారు. ఆవిడా? పెళ్లైన కొత్తలో తిండీ తిప్పలూ మానుకుని, తనతో పాటు చీకటిగదిలో ఫోటోలు కడిగిన మనిషి. ఆవిడ కూడా వీళ్లతో చేతులు కలిపిందా? ఆయనకి ఏడుపొక్కటే తక్కువ.

“నాతో ఒక్క మాట చెబితే ఏం పోయేదిరా మీకు?”

“ఎన్నిసార్లు చెప్పిందో గుర్తు తెచ్చుకో బావా. చెప్పినప్పుడల్లా ఇంతెత్తున ఎగిరావు. ప్రింటర్ కొందామంటే తప్ప నువ్వు ఇల్లు కదలవని...”

ఆయన కోపమంతా కొత్త మనిషి మీదికి మళ్లింది. “ఏ కంపెనీవాడివయ్యా నువ్వు? నా కొంపలో చిచ్చుపెట్టమని నీకు జీతమెవరిస్తున్నారు?”

ఆ మనిషి కోపం తెచ్చుకోలేదు. ఆయన చేతిలోని ప్రింటును మెల్లగా తీసుకుని బల్ల మీద బోర్లించాడు. పక్కనే ఇంకో స్టూలు లాక్కుని కూర్చుని, భుజం మీద చెయ్యి వేశాడు.

“నేను కళ్ల డాక్టర్నండీ.”