నలభై మూడో పేజీ

"చూస్తివా? మళ్లా ఈడనే పాయె!" ఆరిపోయిన కంప్యూటర్ కేసి చెయ్యి చూపించాడు కృపానందం మేష్టారు.

బాగుచేయడానికి వచ్చిన నెహెమ్యాకు తల కొట్టేసినట్టయింది. దాని పవర్ సప్లై మార్చి నాలుగు రోజులు కూడా కాలేదు.

"ఎప్పుడూ ఈడనేనా సార్?"

"అవునప్పా, ఈ నలభై మూడో పేజీ కాడనే! ఆరుసార్లు టైపు కొడితే ఆరుసార్లూ పాయె. ఆదివారం మన గుడికి నూరేండ్ల పండగ. రేప్పొద్దున అచ్చుకు ఇయ్యకుంటే పని ఇంకొకరికి ఇస్తానంటాండాడు పాస్టర్."

సంఘం పాత సమాధుల రిజిస్టరును నాలుగు నెలలుగా ఒంటివేలితో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాడు ఆ రిటైర్డు మేష్టారు. మిగిలింది ఆ ఒక్క పేజీ. ఇప్పుడది ఇంకొకరి చేతికి పోతుందంటే ఆయన ప్రాణం ఉసూరుమంటోంది.

పేజీని చూసి కరెంటు పోవడమేమిటి, విడ్డూరం కాకపోతే! నెహెమ్యాకు పట్టుదల వచ్చింది. డబ్బా మూత విప్పి, కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసి మీటరు పెట్టాడు. పసుపు తీగలో పన్నెండు వోల్టులు, ఎర్రదానిలో ఐదు. ఇసుమంత తేడా లేదు. తనే కూర్చుని అరగంట ఏదేదో కొట్టాడు. కంప్యూటర్ కిక్కురుమనలేదు.

"నాకేం కాలేదే! స్వల్ప మీరు కొట్టండి సార్. నేను మీటరు చూస్తాంటా."

మేష్టారు మొదలుపెట్టాడు. టక్... టక్... నెహెమ్యా మీటరు మీంచి కన్ను తీయలేదు. పన్నెండు. పన్నెండు. పన్నెండు. ఒక్కసారిగా సున్నా!

పవర్ సప్లై చెడితే అంకె జారుతూ పోతుంది. ఇట్లా ఒక్క దెబ్బకు సున్నా అయిందంటే గోడనుంచి వచ్చే కరెంటే తెగినట్టు. దొంగ దొరికాడనుకుంటూ బల్ల కిందికి వంగాడు.

కుర్చీలో ఉండాల్సిన మేష్టారు నేలమీద మోకరించి, కళ్లు మూసుకుని, చేతులు జోడించి ఉన్నాడు. ఆయన ఎడమ మోకాలు సరిగ్గా ఎక్స్‌టెన్షన్ బోర్డు వదులు స్విచ్ మీద ఉంది. నొక్కితే కరెంటు తెగి, మోకాలు తీస్తే మళ్లీ వచ్చే స్విచ్ అది.

"అయ్యో దేవుడా! ఇన్ని దినాలూ నన్ను ఆడించింది మీ మోకాలా సార్!" పకపకా నవ్వాడు నెహెమ్యా.

మేష్టారు సిగ్గుపడుతూ లేచాడు. "ప్రార్థనలో కండ్లు మూసుకుంటి కదప్పా, తెలవలేదు."

నెహెమ్యా బోర్డును బల్లమీదికి ఎక్కించి కంప్యూటర్ ఆన్ చేశాడు. "మిగతా పేజీల కాడ యాడా మోకరించలేదు కదా. ఈడనే ఎందుకు సార్?"

మేష్టారు పాత రిజిస్టరును మెల్లగా అతని వైపు తిప్పాడు.

నెహెమ్యా చదివాడు: "గ్లోరియా. వయసు ఆరేళ్లు. తండ్రి, కృపానందం."